ప్లంబరు పనికి ఏ బండి?

ఒడిశా తీరంలోని కేంద్రపారా జిల్లా తుఫానులకు, వరదలకు పేరుపడిన ప్రాంతం. ఆ జిల్లాకు దేశమంతటా మరొక పేరు కూడా ఉన్నది. మహానగరాలలో కుళాయిలు బిగించి, పైపులు కలిపి బ్రతుకుతున్న ప్లంబర్లలో ఎందరో ఆ జిల్లా గ్రామాల నుంచి వచ్చినవారే. అక్కడి పట్టాముండై పట్టణంలో ప్లంబింగు విద్య నేర్పుటకే ప్రత్యేకంగా ఒక రాష్ట్ర సంస్థ ఉన్నది.

అలా దూరం నుంచి వలస వచ్చినవాడైనా, ఉన్న ఊరిలోనే పని నేర్చుకొన్నవాడైనా, ఈ వృత్తిలో ఎదిగే క్రమం ఇంచుమించు ఒక్కటే. మొదట భుజాన ఒక సంచి, అందులో రెండు పైపు రెంచీలు, ఒక హాక్సా, కొంచెం జనపనార. తరువాత సైకిలు. ఆ తరువాత మోటారు సైకిలు. వెనుక కూర్చున్న హెల్పరు ఒక చేతితో పైపులను, మరొక చేతితో పనిముట్ల సంచిని పట్టుకొని ఉంటాడు. చివరకు ఒకనాడు ఆ మోటారు సైకిలు చాలదు. ఒకేరోజు రెండు చోట్ల పని ఒప్పుకోవలసి వస్తుంది. చేతిలో కొంత సొమ్ము చేరుతుంది. అప్పు ఇచ్చేవారు కూడా కనిపిస్తారు. “ఇక ఒక బండి కొనాలి” అన్న మాట ఇంట్లో వినిపిస్తుంది.

ప్లంబరు తన జీవితంలో చేసే పెద్ద ఖర్చులలో ఇది ఒకటి. పదేళ్ల శ్రమతో కూడబెట్టిన సొమ్ము దీనిలోకి పోతుంది. రాబోయే నాలుగైదేళ్ల సంపాదనలో కొంత భాగం కూడా దీనికే తాకట్టు పడుతుంది. తగిన బండి పనిని పెంచుతుంది. తగని బండి పనిని తినివేస్తుంది. అయినా పెక్కుమంది ఈ నిర్ణయాన్ని ఒక సాయంకాలం షోరూములో, రంగు చూసి, తోటివాడు కొన్నదేదో చూసి తీసికొంటారు.

బండి చేసే పని

బండి ఎందుకని ప్లంబరును అడిగితే సాధారణంగా వచ్చే జవాబు “పైపులు మోయడానికి” అని. ఈ జవాబు సగమే నిజం. మన దేశంలో పైపుల దుకాణాలు చాలావరకు సరుకును తామే కిరాయి ట్రాలీ మీద పని జరిగే చోటికి పంపుతాయి. పెద్ద పని ఉన్నప్పుడు ప్లంబరు స్వయంగా పైపు మోయవలసిన అవసరం తక్కువ.

ప్లంబరు రోజును నిజంగా తినేది మరొకటి. ఒక ఇంట్లో వంటగది కుళాయి కారుతున్నదని పిలుస్తారు. విప్పి చూస్తే లోపల ముప్పావు అంగుళం యూనియన్ పగిలి ఉంటుంది. అది సంచిలో లేదు. హెల్పరును పని దగ్గర ఉంచి ప్లంబరు దుకాణానికి పోతాడు. తిరిగి వచ్చి బిగించబోతే ప్రక్కనున్న ఎల్బో చేతిలోకి ఊడి వస్తుంది. మళ్లీ దుకాణం. ఒక్కొక్క రాకపోకకు నలభై నిమిషాలనుకొంటే, రోజుకు మూడు సార్లు పోయి వచ్చేసరికి రెండు గంటలు గడచిపోతాయి. ఎనిమిది గంటల పనిదినంలో ఇది నాలుగవ వంతు. ఆ రెండు గంటలకూ హెల్పరుకు కూలి ఇవ్వాలి. ఇంటి యజమానికి నీళ్లు లేవు. తరువాత పోవలసిన ఇంటివారు ఎదురుచూస్తుంటారు.

కనుక ప్లంబరు బండి ముఖ్యంగా ఒక కదిలే సామాను గది. రెండవసారి దుకాణానికి పోవలసిన అవసరాన్ని అది ఎన్నిసార్లు తప్పించగలదో అదే దాని విలువకు కొలత. బండిని ఈ దృష్టితో చూసినప్పుడు ఎన్నిక తీరే మారిపోతుంది. ఎంత బరువు మోస్తుందన్న ప్రశ్నకంటే ముందు, ఎన్ని రకాల సామాను చేతికి అందేటట్లు ఉంచుతుందన్న ప్రశ్న వస్తుంది.

ఒక నెల లెక్క

బండి కొనదలచినవాడు మొదట కొనవలసినది ఒక నోటుపుస్తకం. ఒక నెలపాటు ప్రతి సాయంత్రం అందులో అయిదు సంగతులు వ్రాసుకోవాలి: ఆ రోజు ఎన్ని ఇళ్లకు పోయినది, మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగినది, ఏ సామాను వెంట తీసుకుపోయినది, దుకాణానికి ఎన్నిసార్లు మళ్లీ పోవలసి వచ్చినది, కిరాయి బండికి ఎంత ఇచ్చినది.

ఉదాహరణకు, ఒక జిల్లా కేంద్రంలో ఒక హెల్పరుతో పనిచేసే ప్లంబరును ఊహించుకొనవచ్చు. నెలలో 26 పనిదినాలు. వాటిలో 19 రోజులు మరమ్మతులే: కారుతున్న కుళాయిలు, మూసుకుపోయిన గొట్టాలు, పాడైన ఫ్లష్ ట్యాంకులు. అయిదు రోజులు కొత్త స్నానపుగది అమరిక. మిగిలిన రెండు రోజులు మాత్రమే మొత్తం ఇంటికి పైపులు వేయడం, మేడ మీద నీటి ట్యాంకు ఎక్కించడం. పుస్తకం లేకుంటే ఈ ప్లంబరుకు గుర్తుండేది ఆ చివరి రెండు రోజులే. ఆ రోజుల శ్రమ ఎక్కువ, వచ్చిన సొమ్ము ఎక్కువ, కిరాయి ట్రాలీవానితో జరిగిన బేరం ఇంకా మనస్సులో మెదలుతూ ఉంటుంది. ఆ రెండు రోజులను చూసి బండి కొంటే మిగిలిన 24 రోజులూ అవసరానికి మించిన బండిని నడపవలసి వస్తుంది.

ఎక్కువ రోజులు చేసే పనికి సరిపడే బండిని కొనడం, అరుదుగా వచ్చే పనికి బండిని కిరాయికి తీసికొనడం మేలైన పద్ధతి. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాచుకోవాలన్న సామెత ఇక్కడ సరిగ్గా వర్తిస్తుంది.

పొడవు, బరువు

పైపు పొడవు బండి ఎన్నికలో మొదటి చిక్కు. ఇనుప జి.ఐ. పైపు సాధారణంగా ఆరు మీటర్ల, అనగా సుమారు ఇరవై అడుగుల పొడవుతో వస్తుంది. వేడినీటికి, చన్నీటికి నేడు విరివిగా వాడే సి.పి.వి.సి. పైపులు మూడు మీటర్లు, అయిదు మీటర్ల పొడవులలో దొరుకుతాయి. మురుగునీటి పి.వి.సి. గొట్టాలు మూడు, ఆరు మీటర్ల పొడవులలో ఉంటాయి.

ప్లంబరు కొనగలిగిన చిన్న బండ్లలో ఏదీ ఆరు మీటర్ల పైపును బయటకు పొడుచుకు రాకుండా మోయలేదు. టాటా ఏస్ వంటి చిన్న ట్రాలీ వెనుక తొట్టి పొడవు సుమారు ఏడు అడుగులు. ఇరవై అడుగుల పైపు అందులో వేస్తే చాలా భాగం వెనుకకు వ్రేలాడుతుంది. రాత్రివేళ వెనుకనుంచి వచ్చే మోటారు సైకిలువానికి ఆ పైపు చివర కనిపించదు. ఇటువంటి ప్రమాదాలలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతించిన హద్దులు దాటి సరుకు పొడుచుకు వచ్చేటట్లు బండి నడిపితే 20,000 రూపాయల జరిమానా పడుతుంది. పైపులమీద మిగిలిన లాభం ఒక్క మలుపులో పోతుంది.

కావున ఆరు మీటర్ల పైపు కోసం బండి వెదకుట వృథా. ఆ పైపును దుకాణం ద్వారా తెప్పించుకోవడమో, కొలత ఇచ్చి దుకాణంలోనే కోయించి మరలు తీయించుకోవడమో సులువు. మూడు మీటర్ల పైపు సంగతి వేరు. సుమారు 3.7 మీటర్ల పొడవున్న మారుతి ఈకో వంటి వ్యాను పైకప్పు మీద బలమైన చట్రం అమర్చుకొంటే, మూడు మీటర్ల పైపులు బండి పొడవులోనే ఇమిడిపోతాయి.

ఇక బరువు. చాలామంది దీనిని ఎక్కువగా ఊహించుకొంటారు. మధ్యరకం అర అంగుళం జి.ఐ. పైపు మీటరుకు సుమారు 1.2 కిలోలు, ఒక అంగుళం పైపు సుమారు 2.4 కిలోలు తూగుతుంది. అంటే ఆరు మీటర్ల అంగుళం పైపులు పది కలిపినా 145 కిలోలే. ప్లాస్టిక్ పైపులు ఇంకా తేలిక. పనిముట్లు 40 కిలోలు, డ్రిల్లింగు, కోత యంత్రాలు 25, ఫిట్టింగుల పెట్టెలు 60, నిచ్చెన 15, ఇద్దరు మనుషులు 140 అనుకొంటే మొత్తం 280 కిలోలు. రెండు సిమెంటు బస్తాలు కలిపితే 380. ఈ లెక్క చూసినవాడు టన్నున్నర మోసే బండికోసం అప్పు చేయడు.

అమ్మేవాడు చెప్పిన మాటను కాక నమోదు పత్రంలోని అంకెలను చూడాలి. బండి మొత్తం బరువు పరిమితి నుంచి ఖాళీ బండి బరువును తీసివేస్తే మిగిలేదే అది మోయదగిన బరువు. లోపల అమర్చే ఇనుప అరలు, పైకప్పు చట్రం, డ్రైవరు ప్రక్కన కూర్చునే మనిషి కూడా ఆ బరువులోకే వస్తారు.

తేనెటీగ, ఏనుగు, వ్యాను

మన వీధులలో ప్లంబరుకు అందుబాటులో ఉన్న బండ్లు ముఖ్యంగా మూడు జాతులు.

మొదటిది మూడు చక్రాల సరుకు ఆటో. ఇటలీలో పియాజియో సంస్థ 1948లో తెచ్చిన మూడు చక్రాల బండికి ‘ఏపే’ అని పేరు. ఆ భాషలో దీనికి తేనెటీగ అని అర్థం. పేరుకు తగినట్లే అది ఇరుకు సందులోకి దూరుతుంది, చిన్న స్థలంలో తిరుగుతుంది, తక్కువ ఇంధనంతో నడుస్తుంది. సుమారు 500 కిలోల బరువు మోయగల రకాలు దొరుకుతాయి. ధర కూడా తక్కువ. అయితే ముందు ఒకే చక్రం ఉన్నందున, బరువు ఎత్తుగా పేర్చినప్పుడు మలుపులలో ఒరిగే ప్రమాదం ఉన్నది. ఊరు దాటి రహదారి మీద పోవడానికి ఇది అంత అనుకూలం కాదు. హెల్పరు కూర్చునే చోటు ఉండదు. పెక్కు చోట్ల అతడు వెనుక సరుకుమీదనే కూర్చుంటాడు. అది ప్రమాదం, చట్టవిరుద్ధం కూడా.

రెండవది నాలుగు చక్రాల చిన్న ట్రాలీ. 2005లో టాటా సంస్థ ఏస్ అనే బండిని విడుదల చేసి ఈ జాతికి మన దేశంలో నాంది పలికినది. గిరీష్ వాఘ్ నాయకత్వంలోని ఇంజనీర్ల బృందం దానిని రూపొందించినది. మొదటి ఏస్‌లో 702 సి.సి. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను ఉండేది. మోయదగిన బరువు 750 కిలోలు. చిన్న బండి పెద్ద బరువు మోస్తున్నందున ఉత్తరాదిన దానికి ‘ఛోటా హాథీ’, అనగా చిన్న ఏనుగు అని పేరు వచ్చినది. తరువాత మహీంద్రా జీతో, మారుతి సూపర్ క్యారీ వంటివి పోటీకి వచ్చాయి. నీటి ట్యాంకు, ఇసుక, సిమెంటు, విరగగొట్టిన గోడ శిథిలాలు మోయడానికి తెరచిన తొట్టి అనువైనది. వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు వ్యాసం 1.1 మీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. అది మూసిన చిన్న వ్యానులో దూరడం కష్టం, తొట్టిలో తేలికగా నిలబడుతుంది. కాని చిన్న సామానుకు తెరచిన తొట్టి మంచి ఇల్లు కాదు. వాన పడుతుంది, దుమ్ము చేరుతుంది, బండి ఆగిన చోటల్లా చేతికి అందినవాడికల్లా ఇత్తడి వాల్వు కనిపిస్తుంది.

మూడవది మూసిన వ్యాను. 1984లో మారుతి సంస్థ తెచ్చిన వ్యాను, తరువాత ఓమ్నీ పేరుతో, మూడు దశాబ్దాలకు పైగా అంబులెన్సుగా, బడిపిల్లల బండిగా, చిన్న వ్యాపారుల సరుకు బండిగా దేశమంతటా తిరిగినది. 2019లో దాని తయారీ నిలిచిపోయినది. 2010లో వచ్చిన ఈకో ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నది. అందులో సరుకు కోసమే తయారైన రకం కూడా లభిస్తుంది. ప్రక్క తలుపు జరిగేది గనుక ఇరుకు వీధిలో గోడకు ఆనుకొని నిలిపినా తలుపు తెరుచుకొంటుంది. లోపల అరలు అమర్చి తాళం వేసుకొనవచ్చు. మరమ్మతులే ముఖ్య వృత్తిగా ఉన్న ప్లంబరుకు ఈ జాతి బండి సహజంగా సరిపోతుంది. బ్రిటనులో 1965లో వచ్చిన ఫోర్డ్ ట్రాన్సిట్ మొదలుకొని ఇటువంటి మూసిన వ్యానులే అక్కడి పనివారికి ఆధారమైనవి. అయితే అక్కడి పెద్ద వ్యానును చూసి ఇక్కడ ఆశపడనవసరం లేదు. మన సందులు వేరు.

సందు, ఎండ, తాళం

షోరూము ముందున్న వెడల్పైన రోడ్డు మీద అన్ని బండ్లూ చక్కగానే తిరుగుతాయి. హైదరాబాదు పాతబస్తీలోనో, కాశీ గల్లీలలోనో పనిచేసే ప్లంబరు బండిని పరీక్షించవలసినది అక్కడ కాదు. రోజూ పోయే అతి ఇరుకైన సందు వెడల్పును కొలత టేపుతో కొలిచి, అద్దాలతో సహా బండి వెడల్పుతో సరిచూసుకోవాలి. బండి సందు మొదట్లోనే ఆగిపోతే, అక్కడినుంచి సామాను మోసుకుపోవలసిన దూరం ఎంత, ఆ సమయంలో బండికి కాపలా ఎవరు అన్న ప్రశ్నలు వస్తాయి. తాళం ఉన్న వ్యానుకు కాపలా అవసరం లేదు. తెరచిన ట్రాలీకి హెల్పరే కాపలా. అంటే ఒక మనిషి పని పోయినట్లే.

మన ఎండ మరొక సమస్య. సి.పి.వి.సి., పి.వి.సి. పైపులను మండుటెండలో ఆధారం లేకుండా వదిలితే వంగిపోతాయి. దీర్ఘకాలం ఎండ సోకితే పెళుసెక్కుతాయి. పైకప్పు చట్రం మీద ఉంచే పైపులకు ముందు, మధ్య, వెనుక ఆధారాలు ఉండాలి. పైన టార్పాలిన్ కప్పాలి. వాటిని అతికించే సాల్వెంట్ సిమెంటు తేలికగా అంటుకొనే ద్రవం. మూసిన వ్యానులో ఎండకు వేడెక్కిన డబ్బా నుంచి ఆవిరి కమ్ముకొంటుంది. దానిని కొద్దిగానే వెంట ఉంచుకోవాలి, మూత గట్టిగా బిగించాలి, గ్యాసు మంట పనిముట్లకు దూరంగా పెట్టాలి. వ్యానుకు గాలి ఆడే కిటికీ ఉండాలి. బండిలో బీడీ, సిగరెట్టు కాల్చరాదు.

ఇంధనం లెక్క

తక్కువ ఇంధనంతో నడిచే బండికి ఎక్కువ ధర ఇవ్వవచ్చునా? దీనికి జవాబు నోటుపుస్తకంలోనే ఉన్నది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ప్లంబరును తీసికొంటే, లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండికి సుమారు 67 లీటర్లు, 20 కిలోమీటర్లు ఇచ్చే బండికి 50 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయలనుకొంటే తేడా నెలకు 1,700 రూపాయలు. ఆ రెండవ బండి ధర లక్ష రూపాయలు ఎక్కువైతే, 11 శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పు మీద నెలసరి వాయిదా సుమారు 2,170 రూపాయలు పెరుగుతుంది. ఆదా కంటే ఖర్చే ఎక్కువ. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే సరుకు రవాణాదారునికి లాభమైన బండి, ఊరిలోనే తిరిగే ప్లంబరుకు నష్టం కావచ్చు.

గ్యాసుతో నడిచే బండిలో సిలిండరు ఎక్కడ అమర్చారో చూడాలి. అరలకు కావలసిన చోటును అది ఆక్రమించవచ్చు. విద్యుత్తు బండ్లు కూడా ఈ వృత్తికి ఆలోచించదగినవే. 2022లో వచ్చిన ఏస్ విద్యుత్ రకానికి ఒకసారి చార్జి చేస్తే 154 కిలోమీటర్లు నడుస్తుందని తయారీదారులు ప్రకటించారు. నిజ జీవితంలో అంత రాకున్నా, రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగేవానికి అది చాలు. అక్కడ చూడవలసినవి రెండు: మొదటి ధర, రాత్రివేళ బండిని చార్జి చేసే చోటు. మూడవ అంతస్తులో అద్దెకుండి వీధిలో బండి నిలిపేవానికి రెండవదే పెద్ద అడ్డంకి.

కాగితాలు

కొందరు ప్రయాణికుల వ్యానును కొని, వెనుక సీట్లు పీకి సామాను వేసుకొంటారు. చూడటానికి ఇది తెలివైన పనిగా తోస్తుంది. నమోదు పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తున్నది. ప్రమాదం జరిగిననాడు బీమా సంస్థ మొదట చూసేది ఆ పత్రాన్నే. సరుకు బండిగా నమోదు చేయిస్తే పసుపు పలక, నిర్ణీత కాలానికి ఫిట్‌నెస్ పరీక్ష తప్పవు. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకు ఒకసారి, తరువాత ఏటా ఆ పరీక్ష జరుగుతుంది. ఊరట ఏమిటంటే, మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి అదే చట్టం 66వ సెక్షను క్రింద పర్మిట్ అవసరం లేదు. తేలిక వాహనాల లైసెన్సు గలవారు 7,500 కిలోలలోపు సరుకు బండిని కూడా నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పు చెప్పినది.

జి.ఎస్.టి.లో నమోదైన ప్లంబరుకు మరొక తేడా ఉన్నది. సరుకు బండిమీద కట్టిన పన్నును తాను చెల్లించవలసిన పన్నులో మినహాయించుకొనవచ్చు; సాధారణంగా ప్రయాణికుల కారు మీద ఆ వీలు లేదు. 2025 సెప్టెంబరులో సరుకు బండ్ల మీద పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినది. కనుక అంతకు పూర్వపు ధరల పట్టికను పట్టుకొని బేరమాడటం తగదు.

వాయిదా తేదీ

అయిదు లక్షల రూపాయల అప్పును 11 శాతం వడ్డీతో అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,870 రూపాయలు కట్టాలి. మొత్తం వడ్డీ లక్షా యాభై రెండు వేలు. అదే అప్పును మూడేళ్లలో తీర్చితే నెలకు 16,370 రూపాయలు. వడ్డీ ఎనభై తొమ్మిది వేలకు కొంచెం పైన. మొదటి దానిలో వడ్డీ బరువు, రెండవ దానిలో వాయిదా బరువు. 25 పనిదినాల నెలలో మొదటి వాయిదా రోజుకు 435 రూపాయలు. పని 20 రోజులే దొరికిన నెలలో అదే వాయిదా రోజుకు 544 రూపాయలు అవుతుంది. పని తగ్గినందున వాయిదా తగ్గదు. వర్షాకాలంలో కట్టడాలు ఆగిపోయినా, ప్లంబరు జ్వరంతో పడుకొన్నా ఆ తేదీ వస్తూనే ఉంటుంది.

కావున వాయిదాను మంచి నెల ఆదాయంతో కాక, గత సంవత్సరంలోని అతి చెడ్డ నెల ఆదాయంతో సరిచూడాలి. ఇంటి ఖర్చు, హెల్పరు కూలి పోగా ఆ నెలలో మిగిలినదానితో వాయిదా కట్టగలిగితే బండి నిలుస్తుంది. బాకీ 90 రోజులు దాటితే బ్యాంకు ఆ అప్పును మొండి బాకీగా లెక్కిస్తుంది. బండిని స్వాధీనం చేసికొనే రోజు వస్తే, ప్లంబరు కోల్పోయేది బండిని మాత్రమే కాదు; నలుగురిలో సంపాదించుకొన్న పేరును కూడా.

2015లో మొదలైన ముద్ర పథకం క్రింద చిన్న వ్యాపారులకు పూచీకత్తు లేకుండా అప్పులు లభిస్తాయి. 50,000 నుంచి అయిదు లక్షల వరకు ‘కిశోర్’, అయిదు నుంచి పది లక్షల వరకు ‘తరుణ్’ అని విభాగాలు. బండి అమ్మేవాడు చూపించిన ఫైనాన్సు సంస్థకు సంతకం చేసేముందు, తనకు ఖాతా ఉన్న బ్యాంకులో ఒకసారి అడగడం మంచిది.

పాత బండి కొనడం చిన్నతనం కాదు. అయితే మెకానిక్‌ను వెంట తీసుకుపోవాలి. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించి చూడాలి. తొట్టి అడుగున, కమాన్ల దగ్గర తుప్పును, విరుగుళ్లను పరీక్షించాలి. పాత అప్పు తీరినట్లు ఫైనాన్సు సంస్థ సంతకం చేసిన 35వ నంబరు ఫారము, యాజమాన్య మార్పిడికి 29, 30 నంబర్ల ఫారములు చేతికి అందకుండా పూర్తి సొమ్ము ఇవ్వరాదు.

ఏనుగు, అంకుశం

బండి కొన్న తరువాత లోపలి అమరికకు డబ్బు మిగలదు. అయిదు లక్షలు పోసినవాడు పదిహేను వేల అరల దగ్గర వెనుకాడుతాడు. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర తగవు పెట్టుకొన్నట్లే ఇది. అరలు లేని వ్యాను చక్రాల మీది గోనెసంచి వంటిది. కావలసిన టీ ఎప్పుడూ అడుగునే ఉంటుంది.

బరువైన పనిముట్లు, వైసు, డై సెట్టు నేలకు దగ్గరగా, చక్రాలకు ముందువైపు ఉండాలి. చిన్న ఫిట్టింగులకు సొరుగులు. ఒక్కొక్క సొరుగు మీద కొలత వ్రాసిన చీటీ. అర అంగుళం, ముప్పావు, అంగుళం వరుసలు కలిసిపోరాదు. డ్రైవరుకు, సరుకుకు మధ్య బలమైన ఇనుప జాలీ తప్పనిసరి. గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో ముందుకు దూసుకువచ్చే పైపు రెంచికి దయాదాక్షిణ్యాలు ఉండవు. శనివారం సాయంత్రం సొరుగులు చూసి, అయిపోయిన వస్తువుల జాబితా వ్రాసి, సోమవారం ఒక్కసారే దుకాణానికి పోయే అలవాటు చేసికొంటే బండి ఇచ్చే లాభంలో సగం అక్కడే వస్తుంది.

చివరి పరీక్ష

ఈ లెక్కలన్నీ వేసిన తరువాత అందరికీ ఒకే జవాబు రాదు. అపార్ట్‌మెంట్ల కట్టడాలలో కాంట్రాక్టు పనులు చేసేవానికి తెరచిన ట్రాలీ తగినది. పాత పట్టణపు సందులలో తిరిగేవానికి మూడు చక్రాల బండి చాలు. పైన తాళం వేసే పెట్టె కట్టించుకొంటే మరీ మంచిది. నెలకు 19 రోజులు మరమ్మతులు చేసే మన ఉదాహరణలోని ప్లంబరుకు మూసిన చిన్న వ్యాను, పైన మూడు మీటర్ల చట్రం సరిపోతాయి. ట్యాంకు ఎక్కించే రెండు రోజులకు కిరాయి ట్రాలీ ఉన్నది. కొందరికి మాత్రం పుస్తకం చెప్పే జవాబు చేదుగా ఉంటుంది: ఇంకొక ఏడాది ఆగి, మోటారు సైకిలుకే రెండు ప్రక్కలా సొరుగుల పెట్టెలు కట్టించుకోవడం. ఆ మాట వినగలిగినవాడు ఓడిపోయినవాడు కాడు. వాయిదా కట్టనవసరం లేని ఆ ఏడాది పొదుపే తరువాతి బండికి మొదటి చెల్లింపు అవుతుంది.

కొనే నిర్ణయం కుదిరిన తరువాత, సంతకానికి ముందు ఒక పని మిగిలి ఉన్నది. తన పనిముట్ల పెట్టెను, మూడు మీటర్ల పైపుల కట్టను, నిచ్చెనను, హెల్పరును వెంటబెట్టుకొని బండి దగ్గరకు పోవాలి. అన్నీ అందులో పెట్టి, ఇద్దరూ కూర్చొని, రోజూ పోయే సందు దాకా నడిపి చూడాలి. అక్కడ బండి ఆపి, దిగి, ఒక ముప్పావు అంగుళం ఎల్బో తీయడానికి ఎంతసేపు పట్టినదో చూడాలి. వంగి, సామానంతా క్రిందికి దించి వెదకవలసి వస్తే ఆ బండి ఎంత అందంగా ఉన్నా తనది కాదు. తలుపు జరిపి చేయి చాచగానే అందితే, అర్ధరాత్రి పైపు పగిలి ఇల్లంతా నీళ్లయిన ఒక కుటుంబం పిలిచినప్పుడు, దుకాణాలన్నీ మూసి ఉన్న ఆ వేళ కూడా ఆ ప్లంబరు పని పూర్తిచేసి రాగలడు.